మానేరు ఒడ్డున మనకేం పని?

ఇంగ్లండులో ఉన్నత విద్య నభ్యసిస్తున్న మా తమ్ముని కుమార్తె గత వేసవిలో ఒక ఛాయాచిత్రం పంపింది. బ్రైటన్ అనే సముద్రతీర పట్టణం అది. ఒడ్డంతా ఇసుకకు బదులు గుండ్రని గులకరాళ్లు. ఆ రాళ్లపైన గుడ్డకుర్చీలు వేసుకొని కూర్చున్న వందలాది జనం. వారి వెనుక సముద్రంలోనికి చొచ్చుకుపోయిన పొడవైన ఇనుప కట్టడం, దానిమీద రంగులరాట్నాలు, తినుబండారాల అంగళ్లు. "ఫూఫీ, ఆదివారం వస్తే ఇక్కడ నిలబడడానికైనా చోటు దొరకదు" అని కింద రాసింది. డెబ్బై యెనిమిదేళ్ల మా అమ్మీకి ఆ చిత్రం చూపించాను. కళ్లద్దాలు సవరించుకొని చాలాసేపు చూసింది. ఎవరైనా చనిపోయారా అని మొదట అడిగింది. కాదన్నాను. ఉర్సా అని అడిగింది. అదీ కాదన్నాను.

"ఫిర్ వహాఁ ఇత్తే లోగాఁకు క్యా కామ్?" అంది.

అంతమందికి అక్కడ ఏం పని? ఈ ప్రశ్నను నేను బుద్ధెరిగిన నాటి నుండి వింటున్నాను. చిన్నతనంలో మా గల్లీ చివర ఉన్న చింతచెట్టు దాకా వెళ్లివస్తానన్నా ఇదే ప్రశ్న. యౌవనంలో స్నేహితురాలితో కలిసి ఎల్గందుల చూసి వస్తానన్నా ఇదే ప్రశ్న. నేడు చరిత్ర బోధిస్తూ, ఆడపిల్లలను ఒక్కపూట బయటికి తీసుకుపోతానని అనుమతి కోరితే, వారి తండ్రులు నన్ను అడుగుతున్నదీ ఇదే. కనుక ఈ ప్రశ్నను గూర్చియే నాలుగు మాటలు రాయదలచాను. విద్యార్థులు ఓపికతో చదువుతారనీ, కమిటీ పెద్దలు నొచ్చుకోకుండా చదువుతారనీ ఆశ.

మన కరీంనగరానికి సముద్రం లేదు. సముద్రం చూడవలెనంటే రాత్రంతా ప్రయాణించి బందరుకో, విశాఖకో చేరుకోవాలి. మా బాల్యంలో నీరంటే బావి, కుంట, వానకాలపు మానేరు. ఎండలు ముదిరిన తరువాత మానేరంటే ఇసుకే. ఆ ఇసుకలో చెలమలు తీసి, ఊరిన నీటిని గిన్నెతో ముంచి బిందెలు నింపుకొనే స్త్రీలను నేను చూశాను. వారికి ఆ ఒడ్డున పని ఉండేది. పని ముగియగానే బిందె నెత్తిన పెట్టుకొని వెళ్లిపోయేవారు.

అసలు మనవారు ఊరు దాటలేదా అంటే, దాటారు. మన ప్రాంతపు జనం తిరిగినంతగా ఎవరూ తిరిగి ఉండరు. మొక్కు ఉంటే వేములవాడకు, ధర్మపురికి, కాళేశ్వరానికి పోయేవారు. ఎల్గందుల కోట చుట్టూ ఉన్న దర్గాలకు మా ఇంటివారు బండి కట్టించుకొని పోయేవారు. మా నానీమా కాలంలో ఆ బండి సవారి కచ్చురం. నాలుగు వైపులా తెరలు. మధ్యలో తెర సందులోంచి ఏటి ఇసుకను, తాటిచెట్లను చూసేవారమని ఆమె చెప్పేది. మొక్కు పీరుకు, చూపు ఏటికి! దానినెవరూ తప్పు పట్టలేదు, ఎందుకంటే బయలుదేరడానికి ఒక కారణం చెప్పుకున్నారు. మా పొరుగింటి పద్మశాలి స్త్రీలకు ఆ కారణం బతుకమ్మ. సద్దుల నాటి సాయంకాలం వాళ్లంతా పూలతో నీళ్ల దాకా నడిచి, చీకటి పడేవరకు ఆడి, పాడి, సత్తుపిండి పంచుకొని తిరిగివచ్చేవారు. ఏడాదిలో ఆ ఒక్కనాడు "అక్కడ మీకేం పని" అని ఏ భర్తా అడగడు.

మాకు ఆఖరీ చహార్ షంబా ఉండేది. నేటి విద్యార్థులలో చాలామందికి ఈ మాట తెలియకపోవచ్చు. సఫర్ నెలలో చివరి బుధవారం. ఆనాడు దక్కను ముస్లిం కుటుంబాలు తోటలకు వెళ్లి, వంట చేసుకొని తిని, పచ్చగడ్డి మీద నడవడం ఆచారం. ప్రవక్తవారు తమ చివరి అస్వస్థతలో ఆ రోజున కొంత తేరుకున్నారనే నమ్మకం దీనికి మూలమంటారు. దీనికి ప్రామాణికమైన ఆధారం లేదని మన ఉలమాలలో అనేకులు చెబుతారు. ఆ చర్చలోనికి నేను దిగను. మా అమ్మీ మాత్రం ఆ బుధవారం కోసం ఏడాది పొడవునా ఎదురుచూసేది. ఊరి వెలుపల ఒక మామిడితోటలో చెప్పులు విడిచి, తడిగడ్డి మీద అటూ ఇటూ నడిచేది. ఆ నడకను నేనింకా మరవలేదు. ఇంట్లో ఆమె నడిచే తీరు వేరు. అక్కడ ఆమె ఎటు పోతున్నదో ఆమెకే తెలియనట్లు నడిచేది.

ఆమెకు ఇంట్లో పని ఏమిటో చెప్పాలి. మన జిల్లాలో ఎన్నో వేల ఇళ్లలో వలెనే మా ఇంట్లోనూ బీడీల చాట ఉండేది. తునికి ఆకు తడిపి, కత్తిరించి, జర్దా పోసి, చుట్టి, మూతి మలిచి, దారం కట్టడం. కూలి వెయ్యికి లెక్క. వెయ్యి పూర్తయితేనే అది దినం. కాకపోతే సగం దినమో, పావు దినమో. వంటా వార్పూ మధ్యలోనే. ఒక పూట బయటికి పోవడమంటే మూడు నాలుగు వందల బీడీల కూలిని వదులుకోవడం. "అక్కడేం పని" అనే మాట మూర్ఖత్వం వలన పుట్టినదని నేను చిన్నప్పుడు అనుకొనేదానిని. అది లెక్క తెలిసిన మనిషి అడిగే ప్రశ్న అని తరువాత గ్రహించాను.

ఇక మానేరు ఆనకట్ట. దిగువ మానేరు జలాశయ నిర్మాణం 1974లో మొదలై 1985లో ముగిసింది. పోచంపాడు వద్ద 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నుండి కాకతీయ కాలువ వచ్చి, 146వ కిలోమీటరు వద్ద దీనిలో కలుస్తుంది. కట్ట పొడవు సుమారు పది కిలోమీటర్లు, గేట్లు ఇరవై, నిండితే నీరు 24 టి.ఎం.సి. ఈ అంకెలన్నీ మా అబ్బాజాన్ నోటివెంట నేను కంఠస్థం చేసినవే. ఆయన అక్కడ మస్టరు గుమాస్తా. తెల్లవారకముందే సైకిలు మీద వెళ్లి, మట్టి మోసే కూలీల హాజరు రాసి, సాయంకాలం ఎర్రమట్టి మనిషియై వచ్చేవాడు. ఆ మట్టి ఎక్కడెక్కడి పాలమూరు, ఒడ్డె కూలీల చెమటతో ఎక్కిందో ఆయన మస్టరు పుస్తకానికి తెలుసు. ఆ నీటి కింద పొలాలు, ఇళ్లు పోగొట్టుకొన్న పల్లెలవారి సంగతి కూడా ఆయన చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా గొంతు తగ్గించేవాడు. నేడు ఆ ఒడ్డున నిలిచి నీటి అందాన్ని పొగడేవారు ఒక్క క్షణం వారిని తలచుకొనడం న్యాయం.

పెళ్లైన కొత్తలో అబ్బాజాన్ అమ్మీకి సముద్రం చూపిస్తానని మాట ఇచ్చాడట. ఆ మాట ఏటేటా వాయిదా పడింది. 1985లో జలాశయం నిండిన తరువాత ఒక ఆదివారం ఉదయం ఆయన మమ్మల్నందరినీ తయారుకమ్మన్నాడు. నాకు పదేళ్లు. అమ్మీ యథాప్రకారం "వహాఁ క్యా కామ్?" అని అడిగింది. ఆయన జవాబు చెప్పకుండా వెళ్లి రిక్షా పిలుచుకొచ్చాడు. రొట్టెలు, ఖాగీనా, మామిడి తొక్కు మూటకట్టుకొని ఆరు కిలోమీటర్లు పోయాము. కట్ట ఎక్కుతుండగా నాకు ఆకాశం తప్ప మరేమీ కనిపించలేదు. పైకి చేరగానే ఎదురుగా నీరు, అవతలి ఒడ్డు తెలియని నీరు. గాలికి అమ్మీ బురఖా తెరచాప వలె ఎగిరింది. ఆమె రెండు చేతులతో దానిని పట్టుకొని నవ్వింది. ఆమె అంత పెద్దగా నవ్వగా నేను మునుపు వినలేదు.

"యేఈచ్ అప్నా సమందర్" అన్నాడు అబ్బాజాన్.

అమ్మీ రాళ్లమీద జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ దిగి, దోసిట నీరు తీసుకొని నాలుకకు తగిలించుకుంది. "మీఠా హై. సమందర్ నై యే" అంది.

"నమక్ ఘర్ మే హై" అన్నాడాయన. ఉప్పు ఇంట్లో ఉన్నదిగదా అని!

ఆ రోజు మేము చేసినది ఏమీ లేదు. తిన్నాము, కూర్చున్నాము, అలలను లెక్కపెట్టబోయి మానుకున్నాము. చిన్న తమ్ముడు తన చెప్పు ఒకటి నీటిపాలు చేసి దెబ్బలు తిన్నాడు. అసర్ తరువాత తిరిగివచ్చాము. ఆ రాత్రి అమ్మీ లాంతరు పక్కన పెట్టుకొని పగటి బాకీ బీడీలు చుట్టింది. నేను నిద్రపోయి లేచేసరికి కూడా చుడుతూనే ఉంది. తరువాత కట్టకు పోదామని ఎన్నిసార్లు అడిగినా ఆమె రాలేదు. అబ్బాజాన్ మరణించిన తరువాత ఆ మాట నేనూ అడగలేదు. ఊరి నుండి ఆరు కిలోమీటర్ల దూరాన ఉన్న నీటిని మా అమ్మీ నలభై యేళ్లలో చూసినది ఒక్కసారి.

చరిత్ర పాఠాల కోసం పుస్తకాలు తిరగేస్తున్నప్పుడు నాకొక విచిత్రం తోచింది. ఏ పనీ లేకుండా సముద్రపు ఒడ్డున పడి ఉండే ఆ ఆంగ్లేయులు కూడా మొదట ఊరకే పోలేదు. వారికీ ఒక కారణం కావలసివచ్చింది. పద్దెనిమిదవ శతాబ్ది నడుమ రిచర్డ్ రసెల్ అనే వైద్యుడు, గ్రంథుల వ్యాధికి సముద్రజలం ఔషధమని పుస్తకం రాశాడు. స్నానం చేయడమే కాదు, ఆ ఉప్పునీటిని తాగమని కూడా చెప్పాడు! బ్రైటన్ అప్పటికి చేపలు పట్టేవారి చిన్న ఊరు. వైద్యుని చీటీ పట్టుకొని ధనికులు వచ్చారు. వారి వెనుక యువరాజు వచ్చాడు. మా నానీమాకు పీరు మొక్కు ఎటువంటిదో, ఆ దొరసానులకు వైద్యుని చీటీ అటువంటిది.

ఇంకొక ముచ్చట. ఆ దొరసానులు సముద్రస్నానానికి ఎట్లా దిగేవారో తెలుసునా? చక్రాలు బిగించిన ఒక కొయ్యగదిలో ఎక్కి కూర్చుంటే, గుర్రం ఆ గదిని నీటిలోనికి లాగుకుపోయేది. లోపలే దుస్తులు మార్చుకొని, ఒడ్డున ఉన్నవారికి కనిపించకుండా నీటివైపు మెట్లు దిగేవారు. స్త్రీల తావు వేరు, పురుషుల తావు వేరు. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభం వరకు ఈ పద్ధతి సాగింది. ఇది చదివినప్పుడు మా నానీమా కచ్చురం నా కళ్లముందు నిలిచింది. పరదా మన సొత్తే అనుకొంటాము. తెర ఎక్కడైనా ఉంటుంది. ఆ తెర కట్టిన బండి నీటి దాకా పోతుందా, పోదా అన్నదే నాకు పట్టింపు.

బ్రైటన్‌తో మన దేశానికి ఉన్న సంబంధం కూడా చిన్నది కాదు. పాట్నాలో 1759లో పుట్టిన దీన్ మహమ్మద్ అనే ఆయన, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసి, ఐర్లండు చేరి, 1794లో ఆంగ్లభాషలో తన యాత్రాగ్రంథం ప్రచురించాడు. లండనులో 1810లో మన వంటకాల భోజనశాల పెట్టి నష్టపోయాడు. చివరికి బ్రైటన్ సముద్రపు ఒడ్డున ఆవిరిస్నానాల శాల పెట్టి, ఒళ్లు పట్టే మన చంపీ విద్యను అక్కడివారికి రుచి చూపించి, రాజుగారి కొలువులో స్థానం సంపాదించాడు. యువరాజు కట్టించుకున్న విలాసభవనానికి 1815 తరువాత జాన్ నాష్ అనే శిల్పి మన గుమ్మటాలు, మినార్ల రూపమిచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన భారతీయ సైనికులకు అదే భవనం ఆసుపత్రి అయింది. హిందువులకు, ముస్లిములకు వేర్వేరు వంటశాలలు, వేర్వేరు నీటికొళాయిలు ఏర్పాటు చేశారు. మరణించిన హిందూ, సిక్కు సైనికులను దహనం చేసిన కొండమీద 1921లో ఒక ఛత్రి నిలిపారు. మా తమ్ముని కుమార్తె ఆ కొండ ఎక్కి వచ్చి, రెండు రోజులు మాట్లాడలేకపోయానని చెప్పింది. విహారస్థలాలకు పోయేవారు అప్పుడప్పుడు ఇటువంటివి కూడా మోసుకొని తిరిగివస్తారు.

అయితే నన్ను ఆకట్టుకున్నది రాజుల కథ కాదు, కూలీల కథ. లండను నుండి బ్రైటన్‌కు 1841లో రైలు పడింది. 1871లో బ్యాంకు సెలవుల చట్టం వచ్చింది. ఉత్తర ఇంగ్లండులో నూలుమిల్లుల ఊళ్లలో వేసవిలో ఒక వారం మిల్లులన్నీ మూతపడేవి. ఆ వారం ఊరికి ఊరే రైలెక్కి బ్లాక్‌పూల్ సముద్రతీరానికి పోయేది. అక్కడ వారి కోసం 1894లో 518 అడుగుల ఇనుప గోపురం కూడా కట్టారు. ఆ వారానికి జీతం ఉండేది కాదు. ఏడాది పొడవునా వారానికి కొన్ని నాణేల చొప్పున చీటీలు కట్టి, ఆ డబ్బుతో సముద్రం చూసి వచ్చేవారు. జీతంతో కూడిన సెలవుకు చట్టం 1938లో గాని రాలేదు. అనగా, నేతగత్తెలు కూలి నష్టపోయి మరీ సముద్రం చూశారు. మన సిరిసిల్ల మగ్గాలవారిని, మన బీడీలు చుట్టే తల్లులను తలచుకొని ఈ పుటలు నేను రెండుసార్లు చదివాను. వారికి తీరిక ఉండి పోలేదు. కూడబెట్టి తీరిక కొనుక్కున్నారు.

ఇప్పుడు మన ఊరికి వద్దాము. కరీంనగర్‌కు అతిథి వస్తే ఒక దినంలో ఏమి చూపగలము? వెండితీగ పనివారి వద్ద ఒక గంట గడపవచ్చు. ఆనకట్ట దిగువన ఉజ్వల పార్కు, జింకల పార్కు ఉన్నాయి, పిల్లలున్నవారికి మంచివే. మానేరుపై 2023లో ప్రారంభమైన తీగల వంతెనను అందరూ ఛాయాచిత్రాలు తీసుకొన్నారు కనుక దానిని గూర్చి నేను చెప్పనక్కరలేదు. జలాశయంలో పడవ విహారం ఉంది. కట్టమీద కాల్చిన మక్కకంకి, ఉప్పూ కారం నిమ్మచెక్కతో రుద్ది ఇస్తారు. సాయంకాలపు గాలిలో దానికి సాటివచ్చే తిండి మరొకటి లేదని నా దృఢమైన అభిప్రాయం. లోపాలు కూడా ఉన్నాయి. స్త్రీలు గంటసేపు కూర్చోవాలంటే నీడ చాలదు. మరుగుదొడ్డి సంగతి అడగకుండా ఉంటే మేలు. రాతికట్టు మీద నాచు పట్టినచోట కాలు నిలవదు, దిగువన నీరు లోతు. ఈతరాని యువకులు వీరత్వం చూపబోయి ప్రాణాలు పోగొట్టుకున్న కుటుంబాలు మన ఊళ్లో ఉన్నాయి. ఆదిలాబాదు వైపు కుంటాల జలపాతం సంగతీ అంతే. కడెం నది నలభై అయిదు మీటర్ల ఎత్తునుండి దూకే ఆ దృశ్యాన్ని దూరం నుండి చూడాలి. ఆ మడుగులతో పరాచికాలు పనికిరావు.

నన్నడిగితే మొదట ఎల్గందులకు పొమ్మంటాను. ఊరికి పడమర పది కిలోమీటర్ల దూరం. కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, అసఫ్‌జాహీలు, అందరి చేతులూ మారిన కోట. నిజాము కాలంలో జిల్లాకు అదే కేంద్రం; 1905లో కచేరీలు కరీంనగరానికి తరలివచ్చాయి. మన ఊరికి పేరిచ్చిన సయ్యద్ కరీముద్దీన్ ఆ కోటకు ఖిలేదారు అని చెబుతారు. అంటే మనమంతా ఆ కోట నుండి దిగివచ్చిన ఊరివారము. కోటమీద నరసింహస్వామి గుడి ఉంది, మసీదు ఉంది. జఫరుద్దౌలా 1754లో కట్టించిన జంట మినార్లు, ఊపితే ఊగుతాయని ప్రసిద్ధి. అహమ్మదాబాదులోనూ ఇటువంటివి ఉన్నాయి. ఊగుతాయని వినడమే చాలును, పరీక్షించకండి; ఇన్నేళ్లు నిలిచినవాటిని మన చేతుల మీదుగా కూల్చడం దేనికి? మెట్లు ఎక్కి పైకి చేరి తూర్పుకు చూస్తే, మానేరు నీరు ఎండలో పళ్లెం వలె మెరుస్తుంది. ఖిలేదార్లు చూసినది ఏటి పాయను. మనం చూస్తున్నది మా అబ్బాజాన్ హాజరు రాసిన కూలీలు నిలబెట్టిన నీటిని.

ఆ ఛాయాచిత్రం వచ్చిన కొద్ది వారాలకే సఫర్ నెల వచ్చింది. చివరి బుధవారం నాడు మన కళాశాల ఆడపిల్లలను మధ్యాహ్నం నుండి మగ్రిబ్‌లోపు ఎల్గందుల, ఆనకట్ట చూపి తీసుకువస్తానని ప్రతిపాదించాను. తరగతిలో అడిగితే ముప్పైకి పైగా చేతులు లేచాయి. వారిలో సగం మంది కట్టను ఎన్నడూ చూడనివారే. ఇదే ఊళ్లో పుట్టిన పిల్లలు! మగపిల్లలైతే అదివరకే ద్విచక్రవాహనాలపై పదిసార్లు పోయివచ్చారు, వారినెవరూ చీటీ అడగలేదు. తండ్రుల సంతకంతో చీటీలు తెమ్మన్నాను. తొమ్మిది వచ్చాయి. ఒక తండ్రి స్వయంగా వచ్చి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "మేడంగారూ, పరీక్షంటే పంపిస్త, కంప్యూటరు క్లాసంటే పంపిస్త. ఆడ వీళ్లకేం పనున్నది?" ఆయన ఆటో నడుపుతాడు. పగటి బేరం వదులుకొని నాతో మాట్లాడడానికి వచ్చాడు. చరిత్ర పాఠంలో భాగమని చెప్పి ఉంటే ఒప్పుకొనేవాడే. ఎల్గందుల విషయంలో అది అబద్ధం కూడా కాదు. కాని ఆ పూట నాకు ఆ సాకు చెప్పబుద్ధి కాలేదు. "ఏ పనీ లేదు భాయీ. గాలి పీల్చుకొని వస్తారు, అంతే" అన్నాను. ఆయన కాసేపు నేలచూపులు చూసి, "మగ్రిబ్‌లోపు అంటే మగ్రిబ్‌లోపే" అని సంతకం చేశాడు. ఆ చీటీ తొమ్మిదవది.

కమిటీ పెద్దలకు ఒక్క విన్నపం. వార్షిక వ్యయపట్టికలో క్రీడలకు, సన్మానాలకు, శాలువాలకు పద్దులున్నాయి. ఏడాదికి రెండుసార్లు ఆడపిల్లల కోసం బస్సు బాడుగ అని మరొక పద్దు చేర్చండి. ఒక అధ్యాపకురాలు, ఒక ఆయా, తాగునీరు, మందుల పెట్టె ఉంటే చాలును. ఏ పని మీద అని ఆ పద్దు పక్కన గడి ఉంటే దానిని ఖాళీగా వదిలివేయండి.

బుధవారం నాడు అమ్మీని కూడా బస్సెక్కించాను. ముందు ఒప్పుకోలేదు. ఆఖరీ చహార్ షంబా, గడ్డి తొక్కాలిగదా అంటే లేచింది. ఎల్గందులలో మెట్లు ఎక్కలేక కిందనే, వాన కురిసి పచ్చబడిన గడ్డిలో చెప్పులు విడిచి నడిచింది. పిల్లలు పైనుండి చేతులూపారు. అక్కడి నుండి కట్టకు వచ్చేసరికి ఎండ వాలింది. జలాశయం నిండుగా ఉంది. పిల్లలు ఒక్కసారిగా మాటలు మాని నిలబడిపోయారు. వారిలో ఒకతె మెల్లగా "సమందర్" అంది. నేను అమ్మీ ముఖం చూశాను. ఆమె నీటివైపు చూస్తూ ఏమీ అనలేదు.

రాతిమెట్టు మీద తువ్వాలు పరచి ఆమెను కూర్చోబెట్టాము. మక్కకంకి గింజలు ఒలిచి ఇస్తే ఒక్కొక్కటిగా నమిలింది. కొంతసేపటికి ఆటో ఆయన కూతురు ఆమె పక్కన చేరి, ఇక్కడేమేమి చూడాలి నానీ అని అడిగింది. పాఠశాలలో అలవాటైన ప్రశ్న. చేతిలో చిన్న పుస్తకం, కలం కూడా ఉన్నాయి.

"కుఛ్ నై బేటా. బైఠో" అంది అమ్మీ.

ఆ పిల్ల పుస్తకం మూసి కూర్చుంది. మిగిలినవారూ వచ్చి వరుసగా కూర్చున్నారు. డ్రైవరు రెండుసార్లు హారను మోగించాడు. నేను గడియారం చూసుకుంటూ లేవండి, లేవండి అంటున్నాను గాని, నా మాటలో బలం లేదని నాకే తెలిసింది. అందరికన్న చివర లేచినది అమ్మీయే.

బస్సు కళాశాల గేటు ముందు ఆగేసరికి మగ్రిబ్ అజాన్ మొదలైంది. ఆటో ఆయన రోడ్డుకు అవతల నిలబడి ఉన్నాడు. కూతురు దిగి దగ్గరికి పోగానే, "ఏం జేసిన్రు ఆడ?" అని అడిగాడు.

"కూసున్నం" అంది ఆ పిల్ల.

ఆయన నావైపు చూశాడు. అవునన్నట్లు తలూపాను. ఆటో తలుపు గొలుసు తీసి, కూతురిని ఎక్కమన్నాడు.